శాఖ తెరిస్తే ఎగుమతి: సేవల వాణిజ్య ఒప్పందంలో బ్యాంకుల చేయి

హెచ్-1బి వీసాలు ఏడాదికి 65,000 అన్న లెక్క, ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్న తెలుగు ఇళ్లలో చాలామందికి నోటికి వచ్చు. ఆ సంఖ్య అమెరికా వలస చట్టంలోదని తెలుసు గాని, ఒక వాణిజ్య ఒప్పందంలో కూడా రాసి ఉందని తెలిసినవారు తక్కువ. 1994 ఏప్రిల్‌లో మరకేష్‌లో సంతకాలు జరిగిన సేవల వాణిజ్య సాధారణ ఒప్పందం (గాట్స్) కింద అమెరికా ఇచ్చిన హామీల పట్టికలో అది కనిపిస్తుంది. మనిషి పని కోసం సరిహద్దు దాటితే ఆ ఒప్పందం భాషలో అది నాలుగో పద్ధతి. కంపెనీ పరాయి దేశంలో శాఖ తెరిస్తే మూడో పద్ధతి. బ్యాంకులు, బీమా కంపెనీలు ఎక్కువగా కోరుకున్నది ఈ మూడోదాన్నే.

బ్యాంకు శాఖ తెరవడం 'వాణిజ్యం' ఎప్పుడయింది? ఈ వ్యాసం పరిశీలించేది ఆ ప్రశ్ననే. వాణిజ్య ఒప్పందాలపై కార్పొరేట్ ప్రభావం అనగానే చర్చల గది బయట లాబీయిస్టులు పడిగాపులు కాయడం గుర్తొస్తుంది. అదీ జరిగింది. అయితే నా ఉద్దేశంలో అసలు పని చర్చలు మొదలు కాకముందే, పేరు పెట్టడంలోనే అయిపోయింది.

1947 నాటి సుంకాలు, వాణిజ్యాల సాధారణ ఒప్పందం (గాట్) సరుకులకు సంబంధించినది. ఓడలో ఎక్కేది, కస్టమ్స్ గేటు దగ్గర సుంకం కట్టేది వాణిజ్యం. ఒక దేశపు బ్యాంకు మరో దేశంలో కొట్టు పెట్టుకుంటే అది పెట్టుబడి. దానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఆ దేశపు కేంద్ర బ్యాంకు చూసుకోవాల్సిన సంగతి. 1972లో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ నియమించిన నిపుణుల బృందం తన నివేదికలో 'సేవల వాణిజ్యం' అన్న మాట వాడింది. విలియం డ్రేక్, కలిప్సో నికొలాయిడిస్ 1992లో ప్రచురించిన పరిశోధన ఈ మాట ప్రయాణాన్ని వివరంగా పట్టుకుంది. బ్యాంకింగ్, బీమా, టెలికాం, న్యాయవాదుల పని, ఇలా ఒకదానితో ఒకటి పోలిక లేనివన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. సేవను అమ్మడం వాణిజ్యమైతే దానికి అడ్డొచ్చే బ్యాంకింగ్ నియమం 'వాణిజ్య అవరోధం' అవుతుంది. నియమం మారలేదు, దాని పేరు మారింది. పేరుతోపాటు దాన్ని ప్రశ్నించే హక్కు వాణిజ్య మంత్రిత్వ శాఖల చేతికి వచ్చింది.

ఈ మాటను ఒక ఉద్యమంగా మార్చింది అమెరికన్ ఎక్స్‌ప్రెస్. ట్రావెలర్స్ చెక్కులు, కార్డుల వ్యాపారం నుంచి బీమాలోకి, షేర్ల వ్యాపారంలోకి విస్తరిస్తున్న ఆ కంపెనీకి ఎక్కడికి వెళ్లినా ఏదో ఒక స్థానిక నిబంధన అడ్డు తగిలేది. సంస్థ అధిపతి జేమ్స్ రాబిన్సన్, ఉన్నతాధికారి హ్యారీ ఫ్రీమన్ ఈ చిరాకును వాణిజ్య విధానంగా మలిచే పనికి పూనుకున్నారు. 1974 నాటి అమెరికా వాణిజ్య చట్టం వారికి రెండు విధాల కలిసొచ్చింది. వాణిజ్యం పరిధిలోకి సేవలనూ చేర్చింది. ప్రభుత్వానికి సలహా ఇచ్చే ప్రైవేటు రంగ సంఘాలను చట్టబద్ధం చేసింది. వాటిలో అగ్రస్థానంలో ఉన్న సలహా సంఘానికి 1980లలో మొదట ఫైజర్ అధిపతి ఎడ్మండ్ ప్రాట్, ఆ తర్వాత రాబిన్సనే అధ్యక్షులయ్యారు. పేటెంట్లను వాణిజ్య ఒప్పందంలోకి తెచ్చిన ప్రయత్నంలో ప్రాట్ పేరు, సేవలను తెచ్చిన ప్రయత్నంలో రాబిన్సన్ పేరు ముందు వినబడడం యాదృచ్ఛికం కాదు. లాబీయింగ్ అంటే గుమ్మం బయట నిలబడడం అనుకుంటాం. వీళ్లకు చట్టమే గదిలో కుర్చీ వేసింది.

1982లో అమెరికాలో సేవా పరిశ్రమల కూటమి ఏర్పడింది. అదే ఏడాది నవంబరులో జెనీవాలో జరిగిన గాట్ మంత్రుల సమావేశంలో అమెరికా సేవల అంశాన్ని లేవనెత్తింది. భారత్, బ్రెజిల్ గట్టిగా అడ్డుపడ్డాయి. సరుకుల విషయంలో ఇచ్చిన పాత మాటలే నెరవేర్చకుండా కొత్త అంశాలు తేవడమేమిటన్నది వాటి అభ్యంతరం. 1986లో పుంటా డెల్ ఎస్తేలో రాజీ కుదిరింది. సరుకుల చర్చలు ఒక దారిలో, సేవల చర్చలు మరో దారిలో నడుస్తాయన్నారు. కాగితం మీద రెండు దారులైనా చివరికి చేరింది ఒకే సంతకం దగ్గరికి.

ఆ సంతకాల నాటికీ ఆర్థిక సేవల పేచీ తెగలేదు. ఇతర దేశాలు ఇవ్వజూపినది చాలదని 1995లో అమెరికా పక్కకు తప్పుకుంటే, యూరప్ చొరవతో తాత్కాలిక ఒప్పందం కుదిరింది. ఇక్కడ అట్లాంటిక్‌కు రెండు వైపులా ఉన్న పెట్టుబడి ఏకమైంది. బార్క్‌లేస్ బ్యాంకు అధిపతి ఆండ్రూ బక్స్‌టన్, ఫోర్డ్ ఆర్థిక సేవల విభాగానికి చెందిన కెన్ విప్పుల్ ముందుండి 1996లో ఫైనాన్షియల్ లీడర్స్ గ్రూపును నడిపించారు. ఏ దేశం నుంచి ఏమి రాబట్టాలో తమ ప్రభుత్వాలకు ఉమ్మడిగా చెప్పే వేదిక అది. 1997 డిసెంబరు 12న 70 సభ్య ప్రభుత్వాలతో తుది ఒప్పందం కుదిరింది. ప్రపంచ ఆర్థిక సేవల వాణిజ్యంలో 95 శాతానికి పైగా దీని పరిధిలోకి వచ్చిందని ప్రపంచ వాణిజ్య సంస్థ ప్రకటించుకుంది.

ఆ తేదీని గమనించాలి. అదే ఏడాది జులైలో థాయిలాండ్ కరెన్సీ కుప్పకూలింది. డిసెంబరు నాటికి ఇండోనేసియా, దక్షిణ కొరియా ఐఎంఎఫ్ గుమ్మంలో ఉన్నాయి. ఇల్లు కాలుతుంటే తలుపులు ఎంత వెడల్పుండాలో బేరమాడినట్టు జరిగిన చర్చలవి. మలేసియా మాత్రం బీమా కంపెనీల్లో విదేశీ వాటా 51 శాతం దాటకూడదని పట్టుబట్టింది. దానివల్ల నష్టపోయేది ప్రధానంగా అమెరికా బీమా సంస్థ ఏఐజీ. వాటాలు బలవంతంగా అమ్మించే దేశాల బీమా కంపెనీలకు సమాన ఆదరణ ఇవ్వబోమంటూ అమెరికా తన పట్టికలో ఒక మినహాయింపు రాసుకుంది. ఒక కంపెనీ గొడవ అంతర్జాతీయ ఒప్పందపు పాఠంలో ఇంత స్పష్టంగా ముద్ర వేయడం అరుదు. అమెరికా ఆర్థిక సంస్థల, ముఖ్యంగా అమెరికన్ ఎక్స్‌ప్రెస్, సిటీకార్ప్‌ల ఒత్తిడి లేకపోతే సేవల ఒప్పందమే ఉండేది కాదని ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల విభాగం డైరెక్టరు డేవిడ్ హార్ట్‌రిడ్జ్ ఆ రోజుల్లోనే బాహాటంగా ఒప్పుకున్నారు.

ఎటు వైపు కూర్చున్నది ప్రభుత్వమో, ఎటు వైపు బ్యాంకో తేల్చడమూ కష్టమే. అప్పటి అమెరికా ఆర్థిక మంత్రి రాబర్ట్ రూబిన్ గోల్డ్‌మన్ శాక్స్ నుంచి వచ్చి, పదవి దిగాక సిటీగ్రూప్‌లో చేరారు. ఆయన దగ్గర పనిచేసిన మైకేల్ ఫ్రోమన్ కూడా సిటీగ్రూప్ మీదుగా ప్రభుత్వంలోకి తిరిగొచ్చి, 2013లో అమెరికా వాణిజ్య ప్రతినిధి అయ్యారు. యూరప్ వాణిజ్య కమిషనరుగా ఒప్పందాన్ని నడిపిన లియోన్ బ్రిట్టన్ తర్వాత యూబీఎస్ వార్‌బర్గ్ ఉపాధ్యక్షుడయ్యారు. దీన్ని లంచమనడం తొందరపాటు. ఒకే లోకంలో తిరిగే మనుషులకు ఒకే సంగతి న్యాయంగా తోచడం లంచంకన్నా బలమైనది, పట్టుకోవడానికి వీల్లేనిది.

ఒప్పందం పాఠం సంగతి చూద్దాం. హామీ ఇచ్చిన రంగంలో ఎన్ని సంస్థలుండాలి, వాటి ఆస్తులు ఎంత మించకూడదు అని పరిమితి పెట్టాలంటే, ఆ పరిమితిని ముందే పట్టికలో రాసుకుని ఉండాలని గాట్స్ 16వ అధికరణ చెబుతుంది. ఆర్థిక వ్యవస్థ భద్రత కోసం తీసుకునే చర్యలకు మినహాయింపు ఉంది. కానీ ఆ వెంటే మరో వాక్యం ఉంది: ఇచ్చిన హామీల నుంచి తప్పించుకోవడానికి ఆ చర్యలను వాడకూడదు. మొదటి వాక్యం ఇచ్చినదాన్ని రెండోది ఎంత మేరకు వెనక్కు తీసుకుంటుందన్నది చాలాకాలం ఎవరూ తేల్చలేదు. పనామా, అర్జెంటీనా వివాదంలో 2015లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వివాద పరిష్కార ప్యానెల్ నివేదికతో గాని అది తొలిసారి పరీక్షకు రాలేదు.

భారత్ ఈ పాఠాన్ని జాగ్రత్తగా చదివిన దేశాల్లో ఒకటి. విదేశీ బ్యాంకు శాఖలకు ఏడాదికి 5 లైసెన్సులతో మొదలుపెట్టి, 1995లో 8కి, 1997లో 12కి పెంచింది. మొత్తం బ్యాంకింగ్ ఆస్తుల్లో విదేశీ బ్యాంకుల వాటా 15 శాతం దాటితే లైసెన్సు నిరాకరించవచ్చన్న షరతునూ పట్టికలోనే రాసిపెట్టుకుంది. కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి. రెడ్డి గవర్నరుగా ఉన్న 2005లో రిజర్వు బ్యాంకు విదేశీ బ్యాంకుల కోసం రెండు దశల ప్రణాళిక ప్రకటించింది. రెండో దశ 2009లో మొదలవ్వాలి. ఈలోగా అమెరికాలో లీమన్ బ్రదర్స్ కూలింది, రెండో దశ ఆగింది. అలా ఆపగల వీలు మిగిలింది, పట్టికలో తక్కువ రాసినందుకే.

దీన్నిబట్టి ఒప్పందం మనల్నేమీ చేయలేదనుకుంటే పొరపాటు. బీమా రంగం చూడండి. 1999లో 26 శాతం, 2015లో 49, 2021లో 74. విదేశీ పెట్టుబడికి ఈ మెట్లన్నీ మన పార్లమెంటు చట్టాలే కట్టాయి, జెనీవా పట్టిక కాదు. ఒప్పందంలో దొరకనిది దేశీయ సంస్కరణల దారిలో దొరికింది. బీమాకు అడ్డుగా ఉన్నదాన్ని 'అవరోధం' అని పిలవడం అప్పటికి ఢిల్లీలోనూ అలవాటైపోయింది. మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన కాలానికి ఇది ఊహకందని మాట. పరాయి బ్యాంకుల ఆధిపత్యానికి స్వదేశీ బ్యాంకు జవాబని నమ్మిన తరం అది.

మళ్లీ నాలుగో పద్ధతి దగ్గరికి వస్తే, అమెరికా పెంచిన వీసా రుసుములపై భారత్ 2016 మార్చిలో ప్రపంచ వాణిజ్య సంస్థలో సంప్రదింపులు కోరింది. ఆ వ్యవహారం ప్యానెల్ దాకా వెళ్లలేదు. చాలా దేశాల పట్టికల్లో ఈ నాలుగో పద్ధతి కింద ఇచ్చిన హామీలు ఎక్కువగా మూడో పద్ధతికి తోకలాంటివి: కంపెనీ తన శాఖకు బదిలీ చేసే అధికారులకు, నిపుణులకు ఇచ్చినవి. అమెరికా పట్టికలో 65,000 అన్న గీత సొంత చదువుతో, నైపుణ్యంతో ఉద్యోగానికి వెళ్లేవారి ముందు గీసినది. సొంత శాఖకు బదిలీ మీద వెళ్లే బ్యాంకు మేనేజరు విషయంలో అక్కడ సంఖ్య ఏదీ లేదు.