నిలకడైన వోల్టు కోసం నూటయాభై ఏళ్లు

బ్యాటరీ మారలేదు, తీగలు కదల్లేదు. అయినా కొలతలను కంప్యూటరుకు చేర్చే డేటా అక్విజిషన్ కార్డు చూపే చివరి అంకెలు ఆడుతూనే ఉంటాయి. ఇంజనీర్లను విసిగించే ఈ చిక్కు కంప్యూటర్లకంటే చాలా పాతది.

కొలిచే మీటరు తానే కొంత కరెంటు లాగితే, సెల్ లోపలి నిరోధం వల్ల వోల్టేజి కాస్త పడిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ 1841లో దీనికి విరుగుడు చూపాడు. సెల్‌కు ఎదురుగా మరో వోల్టేజిని పెట్టి, గాల్వనోమీటరు ముల్లు సున్నా మీద నిలిచేదాకా సరిచేశాడు. ఆ క్షణంలో సెల్ నుంచి కరెంటు రాదు, కాబట్టి అసలు విలువ తెలుస్తుంది. ఇంటర్ ల్యాబులో చెక్కబల్ల తీగ మీద జాకీ జరిపిన ప్రతి విద్యార్థీ చేసింది ఆ ప్రయోగమే.

అయితే దేనితో పోల్చి కొలవాలి? ఇంగ్లండులో టెలిగ్రాఫ్ ఇంజనీరు లాటిమర్ క్లార్క్ 1873లో జింకు, పాదరసాలతో ఒక ప్రామాణిక సెల్ తయారుచేశాడు. 15 డిగ్రీల వద్ద దాని విలువ 1.434 వోల్టులు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే చాలు, మిల్లీవోల్టుకు పైగా తగ్గేది. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎడ్వర్డ్ వెస్టన్ జింకు బదులు కాడ్మియం వాడి, 1893లో మరో సెల్ తెచ్చాడు. 20 డిగ్రీల వద్ద 1.0183 వోల్టులు, డిగ్రీకి మార్పు సుమారు 40 మైక్రోవోల్టులే. 1911లో ప్రపంచానికి ఇదే ప్రమాణమైంది. అయినా కుదిపితే చెడేది, వేడి మారకుండా నూనె తొట్టెల్లో ఉంచి కాపాడాల్సి వచ్చేది.

వస్తువు మీద ఆధారపడే ఆ బాధ తీర్చినవాడు బ్రయన్ జోసెఫ్‌సన్. 1962లో, 22 ఏళ్ల వయసులో, పలుచని పొరతో వేరుచేసిన రెండు సూపర్‌కండక్టర్ల మధ్య వోల్టేజి, ఫ్రీక్వెన్సీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని లెక్కగట్టి చెప్పాడు. ఫ్రీక్వెన్సీని అతి కచ్చితంగా కొలవగలం గనుక వోల్టూ అంత కచ్చితంగా దొరికింది. 1990 జనవరి 1 నుంచి ప్రయోగశాలలు వెస్టన్ సెల్‌ను వదిలి ఈ పద్ధతికి మారాయి.

ప్రమాణం నిలిచినా, గోడలో పారే కరెంటు ఊరుకోదు. దాని ప్రభావం తీగల్లోకి చొరబడి రీడింగును ఊపేస్తుంది. 1950ల తొలినాళ్లలో ఆండ్రూ కే డిజిటల్ వోల్ట్‌మీటరు తెచ్చాక అంకెలు కళ్లెదుట కనిపించాయి, వాటితోపాటు ఆ ఊగిసలాటా బయటపడింది. తర్వాత వచ్చిన డ్యూయల్ స్లోప్ పద్ధతి ఈ చరిత్రలోకెల్లా అందమైన ఆలోచన. అది ఒక్క క్షణపు విలువను పట్టుకోదు, కొంతసేపు సిగ్నలును కూడుతుంది. మన దగ్గర వాడే 50 హెర్ట్జ్ కరెంటుకు ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. సరిగ్గా అంతసేపు కూడితే పైకి లేచిన సగం, కిందికి దిగిన సగం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 60 హెర్ట్జ్ వాడే అమెరికాలో ఆ వ్యవధి 16.67 మిల్లీసెకన్లు.

కాబట్టి రీడింగు నిలవడం లేదని కార్డును తప్పుపట్టేముందు మన ఇంజనీర్లు సెట్టింగుల్లో ఈ కూడే వ్యవధిని నిర్ణయించే లైన్ ఫ్రీక్వెన్సీ 60 అని ఉందేమో చూసి, 50కి మార్చాలి.