ప్రాసెసర్–మదర్‌బోర్డు పొంతన

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో కొత్త ప్రాసెసర్ వేయాలంటే సాకెట్, చిప్‌సెట్, బయోస్ మూడూ కుదరాలి. సాకెట్ ఒక్కటే చూసి కొనడం చాలా ప్రమాదం. 2017లో వచ్చిన ఇంటెల్ 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకూ సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 అనే ఉంది. కానీ పిన్నుల కేటాయింపు మారింది. 6, 7 తరాల నాటి 100, 200 సిరీస్ బోర్డులు వాటికి పనికిరావు. ఏఎండీ ఏఎం4 సాకెట్ చాలా ఏళ్లు నిలిచింది, అది కొన్నవాళ్లకు మేలే. అయినా పాత బి450 బోర్డులో రైజెన్ 5000 పెట్టాలంటే ముందుగా బయోస్ అప్‌డేట్ చేయాలి. 2022 నాటి ఏఎం5కు డీడీఆర్5 మెమరీ తప్పనిసరి.

హనుమాన్ జంక్షన్ నుంచి ప్రాసెసర్ కోసం విజయవాడ బస్సెక్కేవారు, ఇంట్లోనే విండోస్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ‘బేస్‌బోర్డ్ ప్రోడక్ట్’ పేరు రాసుకోవాలి. బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబరూ చూసుకుని, తయారీ సంస్థ వెబ్‌సైట్‌లోని సీపీయూ సపోర్ట్ జాబితాతో సరిచూశాకే డబ్బు కట్టండి.