నీటి పన్ను – నల్లా చార్జీ: ఒక పాత లెక్క

"నీళ్ళ రేటు మళ్ళీ ఎవరు పెంచారండీ?" మునిసిపల్ రెవెన్యూ విభాగంలో ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న కౌంటరు లోపల కూర్చుని విన్నాను. రిటైరయ్యాక కౌంటరు బయట నిలబడి నేనే అడుగుతున్నాను. మన సభ్యులు చాలామందికీ ఇదే సందేహం కనుక, తెలిసినంతలో ఆ చరిత్ర చెబుతాను.

ముందుగా, పన్ను వేరు, చార్జీ వేరు. కోస్తా, రాయలసీమ పట్టణాలకు వర్తించిన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం నీటి పన్నును ఆస్తిపన్నులో భాగంగా పెట్టింది. ఆంధ్ర, తెలంగాణ పట్టణాలకు ఉమ్మడిగా వచ్చిన 1965 చట్టమూ ఆ పద్ధతినే కొనసాగించింది. ఇంటి అద్దె విలువను బట్టి పన్ను, ఇంటికి కుళాయి ఉంటే దానికి వేరుగా చార్జీ. కుళాయి లేనివారు పన్ను ఎందుకు కట్టాలని అడిగేవారు. వీధి కుళాయి, మంటలార్పే నీరు, కలరా రాకుండా శుద్ధిచేసిన నీరు ఊరందరివీ కదా అన్నది జవాబు.

రేటు మార్చాలంటే కమిషనరు లెక్క తయారుచేస్తారు. పంపుల కరెంటు, పటిక, క్లోరిన్, సిబ్బంది జీతాలు, పైపుల మరమ్మతు, పాత అప్పు వాయిదా అందులో ఉంటాయి. పన్ను పెంచేటట్లయితే ముందుగా నోటీసు ప్రకటించి, అభ్యంతరాలకు గడువిచ్చి, తర్వాతే కౌన్సిలు తీర్మానం చేయాలి. చట్టం అలా ఉన్నా, ఎన్నికలు దగ్గరపడితే ఆ అంశం "వాయిదా" అనే మాటతో ముగిసేది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఇలా వరుసగా వాయిదాపడి, చివరికి మోటారు కాలిపోయినప్పుడు బాగుచేయించే డబ్బు లేక ఊరంతా బిందెలతో ట్యాంకరు వెంట తిరిగింది.

ఆ తర్వాత రేటు పెంచుతూ నోటీసు వేశారు. వచ్చిన అభ్యంతరం ఒక్కటే. ఒక రిటైరైన మాస్టారు రాశారు: "మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. పక్కన భోజనం మెస్సు. ఇద్దరికీ ఒకే రేటా?" కౌన్సిలు ఆ కాగితం చదివించుకుని వ్యాపార కనెక్షన్లకు వేరు రేటు పెట్టింది. ఆ ఒక్క అర్జీ ఊళ్ళోని చిన్న ఇళ్ళన్నిటికీ మేలు చేసింది.

హైదరాబాదు కథ ఇంకో తీరు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీరు పల్లానికి తనంతట తానే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేది. ఊరు పెరిగింది. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి నీళ్ళు వచ్చాయి. నది దూరమైనకొద్దీ నీటిని ఎత్తిపోయాలి, కరెంటు బిల్లు పెరుగుతుంది. అక్కడ రేటు కౌన్సిలు చేతిలో లేదు. 1989లో ఏర్పడిన జలమండలి ప్రతిపాదిస్తే ప్రభుత్వం ఆమోదించాలి.

2021 జనవరిలో అక్కడ గృహాలకు నెలకు 20,000 లీటర్లు ఉచితమన్నారు. ఉచితమైనా నది నుంచి నీరు ఎత్తే ఖర్చు తగ్గదు. వాడినవాడు కట్టనిది ప్రభుత్వ ఖజానా కట్టాలి, ఖజానా ఇవ్వకపోతే పాత పైపు కట్టాలి, అంటే పగిలి, మురుగు కలిసి. రేటు నిర్ణయమంటే నీటికి ధర కట్టడం కాదు, భారం ఇంటి యజమానిది ఎంత, వాడకందారుది ఎంత, ఖజానాది ఎంత అని పంచడం.

చట్టాలూ మారుతున్నాయి. తెలంగాణలో 2019లో కొత్త మునిసిపల్ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆస్తిపన్నుకు అద్దె విలువ బదులు మూలధన విలువ ఆధారమైంది. ఎప్పుడో చవకగా కట్టుకున్న ఇంటికి నేటి స్థల విలువ లెక్కిస్తే, పెన్షను మీద బతికే మనకు అది పెద్ద మాటే.

కాబట్టి మిత్రులకు ఒక మనవి. బిల్లు వచ్చాక కౌంటరు దగ్గర వాదిస్తే అక్కడి గుమాస్తా ఏమీ చేయలేడు. నోటీసు పడినప్పుడే చదవండి. గడువులోగా ఒక కాగితం రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. దస్త్రంలో చేరిన కాగితానికి ఎంత బలముందో ఉద్యోగం చేసిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.