ఉప్పెన: ఒడ్డు దాటిన నీరు

ప్రేమను నీళ్లతో పోల్చడం తెలుగు సినిమాకు అలవాటే. 2021 ఫిబ్రవరిలో వచ్చిన తన తొలి చిత్రానికి దర్శకుడు సానా బుచ్చిబాబు ఏరి కోరి ‘ఉప్పెన’ అని పేరు పెట్టారు. కథానాయకుడిగా పంజా వైష్ణవ్ తేజ్‌కు అదే మొదటి సినిమా. ప్రేమ ఉప్పెనలా ముంచెత్తింది కాబట్టి ఆ పేరు అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ మాట బరువు తెలిస్తే అలా సరిపెట్టుకోబుద్ధి కాదు.

మన భాషలో నీటి మాటలు దేని హద్దులో అవి ఉంటాయి. పోటు చెప్పి వస్తుంది. అమావాస్యకూ పున్నమికీ దాని బలం ఎక్కువ. వరద ఏటిది, తీస్తూ తీస్తూ పొలంలో ఒండ్రు వదిలి వెళ్తుంది. వెల్లువలో మంచి కూడా ఉంది కనుకనే అభిమానం వెల్లువెత్తుతుంది. ఉప్పెన అలా కాదు. అది సముద్రం నేల మీదికి ఎక్కి రావడం. ఆ మాటలో ఉబ్బడం, ఉప్పొంగడం వినిపిస్తాయి. తీరంలో పుట్టినవాడి చెవికి ఉప్పు కూడా వినిపిస్తుంది.

1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది ఆ నీరే. పదివేల మందికి పైగా పోయారు. ఆ వైపు పెద్దవాళ్లు ‘ఉప్పెన’ అంటే ఏ ఉప్పెన అని ఎవరూ అడగరు. నీరు తీసినంత మాత్రాన అది పోయినట్టు కాదు. బావి నీరు నోట పెట్టలేం, మడి చౌడు తేలుతుంది. మంచినీళ్లు పెట్టి, నిలగట్టి, వదిలి, మళ్లీ పెట్టి కడిగితే గానీ ఆ నేలలో వరి నిలవదు. అంటే ఉప్పెనను కొలవాల్సింది అల ఎత్తుతో కాదు, అది వదిలిపోయిన ఉప్పుతో.

ఇంకొకటి. సముద్రం తనంత తానుగా ఊళ్ల మీదికి రాదు. తుపాను గాలి దాన్ని తోస్తుంది; లోతు తక్కువైన తీరం దగ్గర ఆ నీరు పోగుపడి, గట్టు దాటుతుంది.

ఇప్పుడు సినిమాకు వద్దాం. ఆశి కాకినాడ దగ్గరి తీరంలో వేటకు వెళ్లే ఇంటి కుర్రాడు. బేబమ్మ ఊరి పెద్ద రాయణం కూతురు. వాళ్ల ప్రేమ రోజూ ఒడ్డుకు వచ్చి వెళ్లే కెరటం లాంటిది, ఎవరినీ ముంచలేదు. గట్టు దాటింది రాయణం పరువు. వెనక నుంచి దాన్ని తోసిన గాలి కులం. కూతురు ఇల్లు విడిచి వెళ్లినా, నెలల తరబడి ఆమె ఇంట్లోనే ఉన్నట్టు ఊరిని నమ్మించాడాయన. ఆ పరువు కోసమే ఆశి మగతనాన్ని తెగగోయించాడు. నా దృష్టిలో ఈ కథలో ఉప్పెన ప్రేమ కాదు, ఆ పరువే.

అందుకే చివరి ఘట్టం నాకు ఈ పేరుకు అసలైన వ్యాఖ్యానంగా కనిపిస్తుంది. తిరిగొచ్చిన బేబమ్మ తండ్రికి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. మగతనం ఒంట్లోని ఒక భాగంలో లేదని, తను ఆశితోనే బతుకుతానని తేల్చి చెబుతుంది. ఏ తుపానూ లేని ఆ గదిలో జరుగుతున్నది ఉప్పు కడిగే పని. అది ఒక్క రోజులో అయ్యేది కాదని ఆమెకు తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు.

ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. మరోవైపు వసూళ్లకూ, జనసందోహానికీ ఈ మాటను ధారాళంగా వాడేస్తున్నాం. అలాంటి చోట వెల్లువ చాలు. ఉప్పెన అని అన్నామంటే, తెల్లారాక ఆ నేలలో ఎవరు ఎలా బతికారో కూడా చెప్పే బాధ్యత మన మీద పడుతుంది. బుచ్చిబాబు ఆ బాధ్యత తీసుకున్నారు.