పేగుల బాధకు హిప్నాటిజం

హిప్నాటిజం అనగానే మీకు స్టేజీ మీది ఇంద్రజాలికుడు గుర్తుకు రావచ్చు. నిజానికి అలాంటి ప్రదర్శన నుంచే ఒక వైద్య పరిశోధన మొదలైంది. 1841లో మాంచెస్టర్‌లో లఫొంటేన్ అనే ఫ్రెంచివాని ప్రదర్శన చూసిన శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్, ఇందులో అయస్కాంత ప్రవాహమేదీ లేదనీ, చూపునూ ధ్యాసనూ ఒకేచోట నిలపడమే కీలకమనీ వాదించాడు. 1843లో దానిపై గ్రంథం రాశాడు.

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ సంగతి తెలుసా? పరీక్షల్లో పుండుగాని వాపుగాని కనబడదు. అయినా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకం వేధిస్తాయి. మెదడుకూ పేగులకూ మధ్య నాడీసంకేతాలు గాడి తప్పడం దీనికి ఒక కారణం. 1984లో అదే మాంచెస్టర్‌లో వోర్వెల్ బృందం 30 మంది రోగులపై హిప్నాటిజాన్ని పరీక్షించింది. పొట్టపై చెయ్యి ఉంచి వెచ్చదనాన్ని ఊహించుకోమనడం ఈ చికిత్సలో భాగం. మానసిక చికిత్సతోపాటు ఉత్తుత్తి మాత్రలు పొందినవారికంటే వీరికి ఎక్కువ ఉపశమనం కలిగింది.

కాని శిక్షణ పొందిన చికిత్సకులు ఎందరున్నారు? అందుకే నెదర్లాండ్స్‌లో 260 మంది పిల్లలపై ఇంకో పరీక్ష జరిగింది. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత, చికిత్సకుని వద్దకు వెళ్లినవారిలో 71 శాతం, ఇంట్లో సీడీ విన్నవారిలో 62 శాతం మెరుగయ్యారు. పరిశోధకులు ముందే నిర్ణయించుకున్న హద్దు ప్రకారం ఇంటి పద్ధతి తీసికట్టు కాదని తేలింది. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, వైద్యుని చీటీపై వాడే ఇటువంటి ఒక ఫోన్ యాప్‌ను అనుమతించింది.

మరి ఏది ఎంచుకోవాలి? దూరాభారం, ఖర్చు అడ్డయితే యాప్ ఉపయోగపడుతుంది. కాని అది మీ ముఖం చూసి మాట మార్చలేదు. మీ సందేహం తీర్చలేదు. బాధ తీవ్రమైతే, ఆందోళన ఎక్కువైతే మనిషే మేలు. మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం ఉంటే ఈ రెండూ కాదు, ముందు వైద్యునికి చూపించుకోండి.