పాత ట్రక్కులలో పవర్ సీట్ల అమరిక

పాత ట్రక్కులలో పవర్ సీట్ల అమరిక అనగా, తుక్కుకు చేరిన వాహనాల నుండి విద్యుత్ మోటార్లతో కదిలే సీట్లను ఊడదీసి, ఆ సౌకర్యం లేని పాత పికప్ ట్రక్కులలో బిగించటం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాత వాహనాలను పునరుద్ధరించేవారు ఈ పని తరచుగా చేస్తుంటారు. పైకి ఇది సుఖం కోసం చేసే మార్పుగానే కనిపిస్తుంది. కాని ప్రమాద సమయంలో ప్రయాణీకుని నిలిపి ఉంచేవి సీటు, సీటుబెల్టు, వాటిని పట్టి ఉంచే నేల కనుక ఇది భద్రతకు సంబంధించిన పని కూడా.

నేపథ్యం

పాత అమెరికన్ పికప్ ట్రక్కులలో అధిక భాగం పొడవాటి బెంచి సీటుతో తయారయ్యాయి. డ్రైవరు సీటును జరిపితే పక్కవారు కూడా జరగవలసిందే. ఖరీదైన కార్లలో మాత్రం పవర్ సీట్లు చాలా ముందుగానే వచ్చాయి. 1957 నాటి కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ కారులో, డ్రైవరు ఎంచుకున్న స్థానాన్ని గుర్తుంచుకునే సీటు కూడా ఉండేది. తరువాతి కాలంలో ట్రక్కులలోనూ పవర్ సీట్లు సాధారణం కావటంతో అవి తుక్కు యార్డులలో విరివిగా దొరుకుతున్నాయి.

పనిచేసే విధానం

ఆరు దిశల సీటులో సాధారణంగా మూడు మోటార్లు ఉంటాయి. ఒకటి సీటును ముందుకు వెనుకకు జరుపుతుంది. మిగిలిన రెండు సీటు ముందు భాగాన్ని, వెనుక భాగాన్ని విడివిడిగా ఎత్తుతాయి, దించుతాయి. వీపు భాగాన్ని వాల్చే నాలుగవ మోటారు కూడా ఉంటే దానిని ఎనిమిది దిశల సీటు అంటారు. ఇవి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుస్తాయి. మోటారుకు వెళ్ళే రెండు తీగలలో ధన, ఋణ ధ్రువాలను స్విచ్ తారుమారు చేసినప్పుడు మోటారు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కనుక సాధారణ సీటుకు బ్యాటరీ తీగ, ఎర్తు తీగ ఉంటే చాలు.

సీటు ఎంపిక

* స్థానాన్ని గుర్తుంచుకునే సీట్లు వాహనంలోని కంప్యూటరు సంకేతాలపై ఆధారపడవచ్చు. అందువలన ఆ సదుపాయం లేని సీటును ఎంచుకోవటం సులభం.
* పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్లలో పేలుడు పదార్థం ఉంటుంది. దాని తీగల కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని మీటరుతో పరీక్షించరాదు. ఇటువంటి సీట్లను వదలివేయటం మంచిది.
* కొన్ని సీట్లలో సీటుబెల్టు సీటుకే అమర్చబడి ఉంటుంది. 1999 మోడలుతో మొదలైన షెవర్లే సిల్వరాడో ఎక్స్‌టెండెడ్ క్యాబ్ ముందు సీట్లు ఇందుకు ఉదాహరణ. ప్రమాదంలో మనిషి బరువు కలిగించే బలమంతా ఆ సీటు ద్వారా నేలమీదికే వస్తుంది. పాత ట్రక్కు నేల దానిని ఉద్దేశించి తయారైనది కాదు.

యార్డులోని వాహనాలలో తరచుగా బ్యాటరీ ఉండదు. పట్టాల చివరల ఉన్న బోల్టులు అందాలంటే సీటును జరపాలి. అందుచేత చిన్న 12 వోల్టుల బ్యాటరీని వెంట తీసుకువెళతారు. మోటార్లన్నీ తిరుగుతున్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. నేలవైపు కనెక్టరును కొంత తీగతో సహా కోసి తెచ్చుకుంటే తరువాతి పని తేలిక అవుతుంది.

నేలకు బిగించటం

ముందుగా పాత సీటు ఎత్తును, స్టీరింగు నుండి దూరాన్ని కొలుస్తారు. పవర్ సీటు అడుగు భాగం ఎత్తుగా ఉంటుంది కనుక తల పైకప్పుకు తగిలే అవకాశం ఉంది. రెండు పట్టాలు సమాంతరంగా, ఒకే మట్టంలో ఉండాలి. లేనిచో అవి బిగుసుకొని మోటారుపై భారం పెరుగుతుంది. తుప్పు పట్టిన రేకును ముందే మార్చాలి. పలుచని రేకుకు బోల్టు ఒక్కటే చాలదు. బలం ఎక్కువ మేర పరచుకొనేలా నేల అడుగున మందపాటి ఉక్కు పలకలు వేయాలి.

1960-1972 మధ్య తయారైన షెవర్లే సి/కె ట్రక్కులలో ఇంధన ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనుక ఉంటుంది. వెల్డింగు చేసే ముందు దానిని తొలగించటం తప్పనిసరి.

విద్యుత్ అమరిక

మోటారు తన పరిధి చివరకు చేరి ఆగినప్పుడు విద్యుత్ ప్రవాహం బాగా పెరుగుతుంది. అందువలన సిగరెట్ లైటరు వంటి పాత సర్క్యూట్ల నుండి కాక బ్యాటరీ నుండి నేరుగా మందపాటి తీగ లాగాలి. ఫ్యూజును గాని సర్క్యూట్ బ్రేకరును గాని బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. ఫ్యూజుకు ముందున్న తీగ రేకుకు తగిలితే దానిని కాపాడేది ఏదీ ఉండదు. క్యాబిన్ రేకులోని రంధ్రం గుండా తీగ వెళ్ళేచోట రబ్బరు తొడుగు వేయాలి. 1950ల మధ్యకాలం వరకు వచ్చిన అనేక ట్రక్కులలో 6 వోల్టుల విద్యుత్తే ఉండేది. వాటిని ముందుగా 12 వోల్టులకు మార్చవలసి ఉంటుంది.

భద్రతా ప్రమాణాలు

అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణం 207 ప్రకారం సీటు తన బరువుకు 20 రెట్ల బలాన్ని ముందుకు, వెనుకకు తట్టుకోవాలి. 30 కిలోల సీటుకు ఇది 600 కిలోల బరువుతో సమానం. బెల్టు బిగింపులకు సంబంధించిన ప్రమాణం 210 ప్రకారం నడుము, భుజం పట్టీలు ఒక్కొక్కదానిపై 3,000 పౌండ్ల (సుమారు 1,360 కిలోలు) బలంతో పరీక్ష జరుగుతుంది. ఇవి తయారీదారులు పాటించవలసిన ప్రమాణాలు. వాహనంలో ఉన్న భద్రతా ఏర్పాట్లను నిరుపయోగం చేయరాదన్న ఫెడరల్ నిబంధన అమ్మకందారులకు, మరమ్మతు సంస్థలకు వర్తిస్తుంది. సొంత వాహనాన్ని తానే మార్చుకునే యజమానికి అది వర్తించదు. కాబట్టి ఇంట్లో చేసిన బిగింపు ఎంత గట్టిదో పరీక్షించే బాధ్యత చివరకు యజమానిదే అవుతుంది.

ఇవి కూడా చూడండి

* పికప్ ట్రక్కు
* సీటుబెల్టు
* ఎయిర్‌బ్యాగ్