రెండు సెంట్ల ఆట

రాత్రి పదకొండు దాటింది. కిటికీ అవతల, న్యూజెర్సీలోని ఎడిసన్ అపార్ట్‌మెంట్ల పార్కింగులో కార్ల మీద మంచు పేరుకుంటోంది. గదిలో హీటర్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. ల్యాప్‌టాప్ తెర మీద ఆకుపచ్చ టేబులు, దాని చుట్టూ ఆరు కుర్చీలు. ఐదింట్లో మనుషులున్నారు. ఆరోదాని మీద నొక్కాను. ఎంత డబ్బుతో కూర్చుంటావని అడిగింది. తక్కువలో తక్కువ 80 సెంట్లు, ఎక్కువలో ఎక్కువ 2 డాలర్లు.

రెండు డాలర్లు. పగలు ఓక్ ట్రీ రోడ్డులో టీ తాగి, చిల్లర లెక్క చూసుకోకుండా జేబులో వేసుకునే మొత్తం. ఇప్పుడు మాత్రం వేలు మౌస్ మీద ఆగిపోయింది.

నొక్కాను. నా ముందు చిన్న బిళ్లల దొంతర లేచింది. ఒక సెంటు చిన్న బ్లైండు, రెండు సెంట్లు పెద్ద బ్లైండు: ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టి తీరాల్సిన పందేలు. ముక్కలు పంచారు. నాకు డైమండు తొమ్మిది, కళావరు మూడు. నా కుడిపక్కవాడు ముక్కలు పడేశాడు. వాడికి ముందున్నవాడూ అప్పటికే పడేశాడు. నేనూ పడేశాను. మిగిలినవాళ్లూ పడేయడంతో పెద్ద బ్లైండు పెట్టినవాడికి ఆ మూడు సెంట్లూ చేరాయి. ఆట అయిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు కొత్త. అప్పటికి ఏడాదిగా ఉచిత టేబుళ్ల మీద పోకర్ ఆడుతున్నాను. అక్కడ ముక్కలు పడేసేవాడు ఉండడు. బిళ్లలు అయిపోతే ఒక బటన్ నొక్కితే చాలు, మళ్లీ వస్తాయి. అందుకే టేబులు మీద మొదటి మూడు ముక్కలు (ఫ్లాప్) తెరవకముందే నలుగురైదుగురు తమ దగ్గరున్నదంతా మధ్యలోకి తోసేస్తారు. ఒకసారి నాకు రెండు ఆసులు వచ్చాయి. సగటున 221 పంపకాలకు ఒకసారి వచ్చే జంట. ఒక్కడితో తలపడితే ఆ జంట నూటికి 85 సార్లు గెలుస్తుంది. ఆ రోజు ఐదుగురు నాతో పాటు మొత్తం తోశారు. ఏ ముక్కలున్నాయో చూసుకోని ఐదుగురి మీద రెండు ఆసులు గెలిచేది సగం కన్నా కాస్త తక్కువ సార్లే. నేను ఓడిపోయాను. ఏమీ అనిపించలేదు. బటన్ నొక్కి కొత్త బిళ్లలు తెచ్చుకున్నాను. ఆ 'ఏమీ అనిపించకపోవడం' గురించే తర్వాత చాలాసేపు ఆలోచించాను. ముక్కలు అవే, నియమాలు అవే. మరి ఇది అదే ఆటేనా?

ఇదంతా 2014 జనవరి మాట. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పెద్ద పోకర్ సైట్ల చిరునామాలను స్వాధీనం చేసుకున్నాక, ఈ దేశంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం దాదాపు ఆగిపోయింది. 2013లో న్యూజెర్సీ చట్టం చేసుకుంది. అదే ఏడాది నవంబరులో, అట్లాంటిక్ సిటీ కాసినోల లైసెన్సుల కింద సైట్లు తెరుచుకున్నాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. ఆడేటప్పుడు ఒంటితో న్యూజెర్సీ నేల మీద ఉండాలి. మనం ఎక్కడున్నామో వాళ్ల సాఫ్ట్‌వేర్ అదేపనిగా చూసుకుంటూ ఉంటుంది. హడ్సన్ నది అవతల, న్యూయార్క్‌లో ఉంటున్న నా స్నేహితుడికి ఈ కుర్చీ దొరకదు.

డబ్బు వేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. చిరునామా, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలు ఇచ్చాను. నా కార్డుతో చెల్లింపును బ్యాంకు రెండుసార్లు తిప్పికొట్టింది. చివరికి ఖాతా నుంచి నేరుగా 20 డాలర్లు పంపాను. అదే పేజీలో, వారానికి ఎంతకు మించి వేయకూడదో మనమే రాసుకునే గడి ఒకటుంది. అందులోనూ 20 అనే రాశాను. ఆ గడి నింపాకే ఊపిరి తేలికపడింది. దాన్ని నింపకుండా ఎవరూ మొదటి ముక్క తీసుకోకూడదని నా గట్టి నమ్మకం.

పాత అలవాటు వెంటనే వదలలేదు. మొదటి పది పంపకాల్లో ఏడింటికి డబ్బు పెట్టి చూశాను. ఉచిత టేబులు మీద ప్రతి ముక్కా చూడాలనిపిస్తుంది, చూడటానికి ఖర్చేమీ లేదు కాబట్టి. ఇక్కడ ఒక్కో చూపుకు రెండు సెంట్లు, ఎవడైనా పెంచితే ఆరు. కళావరు జాకీ, పది పట్టుకుని చివరి ముక్క దాకా వెళ్లాను. ఏదీ కలవలేదు. అయినా 20 సెంట్లు వేసి బెదిరించాను. అవతలివాడి పేరు పక్కన గడియారం గీత తరుగుతూ వచ్చింది. తెర వెనక ఒక మనిషి ఆలోచిస్తున్నాడని ఏడాదిలో మొదటిసారి తెలిసింది. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. వాడు ఇరవై పెట్టాడు. వాడి దగ్గరున్నది ఒక ఏడుల జంట. అరగంటలో నా దొంతర 1.61కి దిగింది.

ఫోను మోగింది. బాబాయి. తెనాలి దగ్గర మా ఊళ్లో అప్పటికి ఉదయం దాదాపు పది. పండక్కి అందరూ దిగారట. వెనకాల పిల్లల గోల, ఎవరో గిన్నె జారవిడిచిన చప్పుడు.

"ఏరా, ఇంకా పడుకోలేదా?"

"లేదు బాబాయ్. పేకాడుతున్నా."

"ఎవరితో? పండగని అక్కడ కూడా చేరారా అందరూ?"

"కంప్యూటర్లో. డబ్బు పెట్టి."

అవతల కాసేపు మాట లేదు. "ఎంత?"

"పందెం రెండు సెంట్లు. మన లెక్కలో రూపాయి పావలా."

"మొత్తం మీద ఎంత వేశావని అడుగుతున్నా."

చెప్పాను. వారం గడి సంగతీ చెప్పాను. బాబాయి గొంతు మెత్తబడింది. "చింతపిక్కలు పెట్టి రమ్మీ ఆడినప్పుడు నువ్వు ఒక్క ఆటలోనూ ముక్కలు మూయలేదురా. ఎనభై కౌంటు ఇచ్చుకునేవాడివి. పాయింటుకి పైసా పెట్టేసరికి, పదమూడు ముక్కలూ ఎత్తి చూసుకుని, బాగా లేకపోతే అక్కడే దిగిపోయేవాడివి. గుర్తుందా?"

గుర్తుంది. అరుగు మీద చాప, మధ్యలో జోకరు, తాతయ్య కండువా కొంగున ముడి వేసిన చిల్లర. చింతపిక్కలు ఎన్ని పోయినా పెరట్లో చెట్టు ఉంది. పైసలు మాత్రం తిరునాళ్లలో గోళీ సోడా కోసం దాచుకున్నవి.

మన పేకాటకూ న్యాయస్థానాలకూ పాత పరిచయమే. సికింద్రాబాదు క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా పోలీసులు పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, పట్టుకోవడంలోనూ వదలడంలోనూ నేర్పు కావాలి కాబట్టి రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని 1960ల చివర ఆ కోర్టు చెప్పింది. అదే తీర్పులో, పందేల మీద ఆట నడిపే ఇంటివాడు లాభం తీస్తే నేరం కావచ్చనీ ఉంది. నా ముందున్న టేబులు మీద ఇంటివాడి వాటా కళ్లెదురుగా కదులుతుంది: ఇరవై సెంట్ల కుప్పకు సుమారు ఒక సెంటు. గెలిచినవాడి దగ్గరికి వెళ్లే కుప్పలోంచి ఆ సెంటు ముందే పక్కకు జరుగుతుంది. ఉచిత ఆటలో ఈ కోత ఎవరికీ పట్టదు. ఇక్కడ మాత్రం అవతలివాళ్ల మీదే కాదు, దీని మీద కూడా గెలవాలి. తర్వాతి కాలంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాల్ని చూసినవాడిగా, ఆ నిషేధాల వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. ఫోనులో బాబాయి మౌనం కూడా ఆ భయమే.

"రెండు డాలర్లు పోతే లేచిపో," అన్నాడు. "మీ పిన్నికి చెప్పనులే."

ఫోను పెట్టేసరికి డీలరు బిళ్ల నా ముందుకొచ్చింది. ఫ్లాప్ తెరిచాక అందరికన్నా చివర మాట్లాడే చోటు. ముక్కలు తిరిగాయి: ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది. ఎదుటి కుర్చీలో 80 సెంట్లతో కూర్చున్నవాడు ఆరు పెట్టాడు. నేనూ ఆరు పెట్టాను. బ్లైండ్లు రెండూ తప్పుకున్నాయి. కుప్ప 15.

ఫ్లాప్: ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, ఆటీను తొమ్మిది. ఇంకొక్క ఇస్పేటు పడితే ఐదూ ఇస్పేట్లే; నన్ను మించే ఫ్లష్ ఎవరికీ ఉండదు. వాడు పది వేశాడు. నేనూ పది. కుప్ప 35.

నాలుగో ముక్క డైమండు రెండు. నాకు పనికిరానిది. వాడు మిగిలిన 64 సెంట్లూ ఒక్కసారి తోశాడు.

గడియారం గీత ఇప్పుడు నా పేరు పక్కన తరుగుతోంది. కాగితం మీద రాసుకున్నాను. నాకు కనపడనివి 46 ముక్కలు. వాటిలో ఇస్పేట్లు తొమ్మిది. అంటే ఐదుసార్లకు ఒకసారి. వాడిది రాజుల జంటే అయితే నా ఆసు కలిసినా గెలుస్తాను. అప్పుడు పన్నెండు ముక్కలు, అంటే నూటికి 26. కుప్పలో 99 ఉన్నాయి. నేను 64 పెడితే మొత్తం 163. ఈ పందెం గిట్టాలంటే నూటికి 39 సార్లు గెలవాలి. వాడి దగ్గర ఇంకేమీ మిగల్లేదు కనుక, ఇస్పేటు పడ్డాక ఇంకాస్త రాబట్టుకునే దారీ లేదు.

ఉచిత టేబులు మీదైతే ఈ చోట నా వేలు ఎప్పుడూ ఆగలేదు. ఇస్పేటు ఆసు అక్కడే మెరుస్తోంది. ఇంకో ఇస్పేటు పడుతుందేమో. ఒక్క ముక్కే కదా. అరవై నాలుగు సెంట్లే కదా. ఆ 'కదా' దగ్గర గొంతు ఎండింది.

గీతలో పావు వంతు మిగిలింది. అరుగు మీద చాప గుర్తొచ్చింది.

పడేశాను.

ఐదో ముక్క తెరవలేదు. వాడి దగ్గర ఏముందో చూపించలేదు. ముప్పై నాలుగు సెంట్లు వాడి వైపు జరిగాయి, ఒక సెంటు ఇంటివాడి వైపు. నా దొంతర 1.45 దగ్గర ఆగింది. చేతులు చల్లగా ఉన్నాయి. మెడ వెనక మాత్రం వెచ్చగా ఉంది. పదహారు సెంట్లు పోయాయి, అయినా ఈ ఏడాది కాలంలో నేను నిజంగా ఆడిన మొదటి ఆట ఇదేననిపించింది.

బయట మంచు ఇంకా పడుతోంది. డీలరు బిళ్ల పక్క కుర్చీకి జరిగింది. కొత్త ముక్కలు వచ్చాయి: కళావరు ఏడు, డైమండు రెండు. చూశాను. పడేశాను.